దోమలన్నీ చావక్కర్లేదు: బేగంపేట డాక్టరు తేల్చిన లెక్క

వానాకాలం మొదలై ఇంటింటా జ్వరాలు పట్టుకునేసరికి మన బస్తీల్లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి: "ఎన్ని దోమల్ని చంపుతాం భాయ్, ఒకటి చస్తే పది పుడతాయి." రెండోది: "మన ఇంట్లో నీళ్లు పారబోస్తే ఏం లాభం, పక్క గల్లీ దోమలు రావా?" రసూల్‌పురాలో అడగండి, వారాసిగూడలో అడగండి, చిలకలగూడలో అడగండి, ఇవే మాటలు.

వినడానికి రెండూ సబబుగానే ఉంటాయి. కానీ లెక్క వేసి చూస్తే రెండూ నిలబడవు. ఆ లెక్క వేసిన మనిషి ఎక్కడో విదేశాల్లో కూర్చుని మొదలుపెట్టలేదు. ఆయన కథ మన సికింద్రాబాద్‌లోనే, బేగంపేటలోనే మలుపు తిరిగింది. ఆయన పేరు రోనాల్డ్ రాస్. దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన డాక్టరుగా చాలామందికి తెలుసు. ఆయనకు లెక్కలంటే పిచ్చి అని, ఆ లెక్కలతోనే పై రెండు మాటలకూ జవాబు చెప్పాడని మాత్రం తక్కువ మందికి తెలుసు. నేను చదివింది బీకాం, సైన్సు కాదు. అయినా ఈ లెక్క చదువుతుంటే మా అకౌంట్స్ క్లాసులో విన్న మాటలే మళ్లీ మళ్లీ ఎదురయ్యాయి. అందుకే ధైర్యంగా రాస్తున్నా.

ముందు కథ కొంచెం. రాస్ 1857లో మన దేశంలోనే, అల్మోరాలో పుట్టాడు. ఇంగ్లీషు సైన్యంలో డాక్టరు. 1895లో సికింద్రాబాద్ వచ్చి, ఇక్కడి పటాలానికి వైద్యం చేస్తూనే దోమల్ని కోసి మైక్రోస్కోపు కింద చూడటం మొదలుపెట్టాడు. మలేరియా చెడు గాలి వల్ల వస్తుందని జనం నమ్మే రోజులవి. వందల దోమల్ని కోశాడు, ఏమీ దొరకలేదు. అసలు చిక్కేమిటంటే ఆయన కోస్తున్నవి వేరే జాతి దోమలు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు ఆయన చేతికి వచ్చాయి. ఇప్పుడు మనం అనోఫిలిస్ అంటున్న జాతి అదే.

ఆ దోమల చేత కుట్టించుకోవడానికి మలేరియా ఉన్న ఒక రోగి కావాలి. ఆ రోగి పేరు హుస్సేన్ ఖాన్. ఒక్కో దోమ కాటుకు ఒక అణా చొప్పున బేరం. ఆగస్టు 16న పది దోమలు కుట్టాయి, పది అణాలు ముట్టాయి. రూపాయికి పదహారు అణాల కాలం కాబట్టి, ప్రపంచ వైద్య చరిత్రను మార్చిన ఆ ప్రయోగంలో రోగికి దక్కింది రూపాయి కూడా కాదు. ఆగస్టు 20న రాస్ ఆ దోమల్లో ఒకదాన్ని కోసి, దాని కడుపు గోడలో మలేరియా నల్లరంగు పొడి ఉన్న గుండ్రటి కణాల్ని చూశాడు. పంకా వేసుకుంటే కోసిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి ఆ ఉక్కలోనే చెమటలు కారుతూ కూర్చున్నాడట. ఆ చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయని తర్వాత తనే రాసుకున్నాడు.

ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచ దోమల దినం అంటారు. ఆ తర్వాత కలకత్తాకు బదిలీ అయి, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడితో కలిసి పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమ లాలాజలం దాకా క్రిమి దారిని పూర్తి చేశాడు. 1902లో నోబెల్ వచ్చింది. హుస్సేన్ ఖాన్, మహమ్మద్ బక్ష్ పేర్లు పుస్తకాల్లో ఒక మూలన మిగిలాయి. ఆ భవనం ఈనాటికీ బేగంపేటలో, పాత ఎయిర్‌పోర్టు దగ్గర, రాస్ పేరుతోనే ఉంది. ఉస్మానియా యూనివర్సిటీది.

ఇక అసలు విషయం. దోమే కారణమని తేలాక, దోమల్ని తగ్గిస్తే మలేరియా తగ్గుతుందని రాస్ అన్నాడు. పెద్దపెద్ద డాక్టర్లే ఒప్పుకోలేదు. వాళ్ల వాదన మన బస్తీ మాటే: దోమలన్నింటినీ చంపలేరు, కొన్ని మిగిలినా జబ్బు మిగులుతుంది, మరి శ్రమంతా దండగ కదా. లాహోర్ పక్కన మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో 1900ల మొదట్లో కాలువలు పూడ్చి, గుంటల్లో మందు చల్లి చూశారు. మలేరియా పోలేదు, ప్రయోగం ఫెయిల్ అని తేల్చారు. చేసిన పని చాలదు, పెట్టిన డబ్బు చాలదు అని రాస్ కొట్లాడాడు. కానీ "ఎంత చేస్తే చాలు?" అన్న ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా లేదు. అది డాక్టరు చెప్పగలిగే జవాబు కాదు, లెక్క చెప్పాల్సిన జవాబు.

1907లో మారిషస్ దీవిలో మలేరియా సంగతి చూడమని పంపితే, 1908లో ఇచ్చిన రిపోర్టులో రాస్ ఆ లెక్క పెట్టాడు. 1911లో తన పుస్తకం రెండో ముద్రణలో ఇంకా పెంచాడు. ఆయన వాడిన అంకెలు వదిలేసి, అదే దారిలో మనం ఒక ఊహా బస్తీ తీసుకుని లెక్కపెడదాం. ఇవి నిజం సర్వే అంకెలు కావు, లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి.

మనిషికి నాలుగు దోమల చొప్పున ఉన్నాయనుకోండి. ఒక్కో దోమ నాలుగు రోజులకు ఒకసారి మనిషిని కుడుతుంది. అంటే మనిషికి రోజుకు ఒక కాటు. ఇప్పుడు బస్తీలోకి ఒక మలేరియా రోగి వచ్చాడు. అతని రక్తంలో దోమకు అంటుకునేంత క్రిమి 20 రోజులు ఉంటుంది. ఆ 20 రోజుల్లో 20 దోమలు కుట్టి క్రిమిని తీసుకుంటాయి.

క్రిమి తీసుకున్న దోమ వెంటనే ప్రమాదం కాదు. క్రిమి దోమ ఒంట్లో పెరిగి లాలాజలంలోకి రావడానికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ దోమ బతికి ఉండాలి. దోమ బతుకు మన చేతి చప్పుడంత దూరంలోనే ఉంటుంది కదా! రోజూ నూటికి పది దోమలు చస్తాయి, తొంభై మిగులుతాయి అనుకుందాం. పది రోజులకు నూటికి 35 మిగులుతాయి. అంటే మన 20 దోమల్లో 7. ఆ ఏడూ సగటున ఇంకో పది రోజులు బతికి, ఒక్కోటి రెండున్నర కాట్లు వేస్తుంది. మొత్తం పదిహేడున్నర కాట్లు. ప్రతి కాటూ జబ్బు కాదు, అయిదింటిలో ఒకటి అవుతుంది అనుకుంటే, మూడున్నర కొత్త రోగులు.

ఒక రోగి నుంచి మూడున్నర మంది రోగులు. ఈ ఒక్క అంకెలోనే కథంతా ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు టీవీల్లో 'ఆర్ వాల్యూ' అని రోజూ చెప్పారు గుర్తుందా? అది ఇదే. ఒకటి మూడున్నర అయింది, మూడున్నర పన్నెండు, పన్నెండు నలభై మూడు, ఆ తర్వాత 150. చక్రవడ్డీ అన్నమాట. అప్పు తీసుకున్నవాడికి చక్రవడ్డీ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బస్తీలో చాలామందికి ముందే జబ్బు వచ్చేసి ఉంటే ఈ వేగం తగ్గుతుంది, కానీ మొదట్లో పెరిగే తీరు ఇదే.

ఇప్పుడు దోమల్ని సగం చేశాం, మనిషికి రెండు. కాట్లు సగమై, కొత్త రోగులు మూడున్నర నుంచి ఒకటీ ముప్పావుకు దిగుతారు. శ్రమ చాలానే పడ్డాం, అయినా జబ్బు ఇంకా పెరుగుతూనే ఉంది, కాకపోతే నెమ్మదిగా. ఇక్కడే జనం "చూశావా, ఏం లాభం" అని పని ఆపేస్తారు. ఆపకుండా ఇంకా తగ్గించి మనిషికి ఒక దోమ దాకా తెచ్చామనుకోండి. ఇప్పుడు ఒక రోగి నుంచి 0.875 కొత్త రోగులు. ఒకటి కంటే తక్కువ! బస్తీలో దోమలు ఉన్నాయి, కుడుతున్నాయి, రాత్రి చెవి దగ్గర పాడుతున్నాయి కూడా. అయినా 1000 మంది రోగులు ఉన్న చోట 875 అవుతారు, తర్వాత 766, తర్వాత 670. జబ్బు తనంతట తానే పోవడం మొదలైంది.

కామర్స్ వాళ్లకు దీన్ని బ్రేక్ ఈవెన్ అంటే చాలు. షాపు నడవాలంటే అమ్మకం ఖర్చుల్ని దాటాలి. దాటినవాడు పెరుగుతాడు, దాటనివాడికి కొంత అమ్మకం ఉన్నా సరే, ఒక రోజు షట్టర్ దించాల్సిందే. మలేరియా కూడా ఒక వ్యాపారమే అనుకోండి. రోగులు కోలుకోవడం దానికి ఖర్చు, కొత్త రోగులు దానికి ఆదాయం. షాపు మూయించడానికి కస్టమర్లందరినీ తరిమేయక్కర్లేదు, నష్టంలోకి నెడితే చాలు. రాస్ తేల్చింది ఇదే. దోమల సంఖ్యకు ఒక గీత ఉంటుంది, ఆ గీత కిందికి తెస్తే చాలు, సున్నా చేయక్కర్లేదు. లెక్క వేయనివాడికి గీతకు పైన ఉన్న సగం పని, గీతకు కింద ఉన్న ముప్పావు పని ఒకేలా కనిపిస్తాయి. రెండింటి ఫలితం మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

దోమతెరను ఈ లెక్కలో పెట్టి చూడండి. దోమల సంఖ్య అలాగే ఉంది, మనిషికి నాలుగు. కానీ తెరల వల్ల కాట్లు సగమయ్యాయి. ఫలితం కూడా సగమే అనుకుంటాం, కాదు. రోగి నుంచి క్రిమి తీసుకునే కాటు ఒకటి, ఇంకొకరికి ఎక్కించే కాటు ఇంకొకటి. కాటు రెండుసార్లు పడాలి. 20 దోమలు తీసుకోవాల్సిన చోట 10 తీసుకుంటాయి. మిగిలినవి రెండున్నర కాట్లు వేయాల్సిన చోట ఒకటింపావు వేస్తాయి. సగంలో సగం, అంటే పావు. మూడున్నర కాస్తా 0.875 అయింది. కాట్లను సగం చేయడం, దోమల్లో ముప్పావు వంతును చంపడం, ఈ రెండూ లెక్కలో సమానం! మరి ఏది సులువో మీరే చెప్పండి.

జ్వరం వచ్చినప్పుడు రక్త పరీక్ష తొందరగా చేయించుకోవడం కూడా ఇందులో ఒక అంకే. మందు పడి, దోమకు అంటించే రోజులు 20 నుంచి 10కి తగ్గితే మొత్తం సగమవుతుంది. మెడికల్ షాపులో జ్వరం గోలీ అడిగి తెచ్చుకుని నాలుగు రోజులు పడుకునే అలవాటు ఖరీదు ఇక్కడ తెలుస్తుంది. పైగా ఇవన్నీ కలిపేవి కాదు, గుణించేవి. దోమలు సగం, రోగం రోజులు సగం. ఏ ఒక్కటీ సరిగ్గా పూర్తి కాలేదు, కానీ సగాన్ని సగంతో గుణిస్తే పావు, మళ్లీ గీత కిందే ఉన్నాం.

ఈ లెక్కలో రాస్ పెద్దగా పట్టించుకోని ఒక అంకె ఉంది: దోమ ఆయుష్షు. 1950లలో లండన్‌లో జార్జ్ మెక్‌డొనాల్డ్ దాన్ని పట్టుకున్నాడు. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇది నేరుగా మన డిప్రిసియేషన్ చాప్టరు. వంద రూపాయల మెషిన్ మీద ఏటా మిగిలిన విలువలో 10 శాతం తరుగు తీస్తే పదేళ్లకు 35 రూపాయలు మిగులుతుంది. 20 శాతం తీస్తే? తరుగు రెట్టింపు కాబట్టి 35లో సగం మిగులుతుందని నోటికి వచ్చేస్తుంది. మిగిలేది 11 రూపాయలు కూడా ఉండదు.

దోమలకు అదే వర్తిస్తుంది. రోజూ నూటికి పది చచ్చే చోట ఇరవై చస్తే, పది రోజులు దాటి బతికేవి 20లో 7 కాదు, 2. పైగా ఆ రెండూ తర్వాత సగటున పది రోజులు కాదు, అయిదు రోజులే బతుకుతాయి. కాట్లు చెరి ఒకటింపావు. మొత్తం రెండున్నర కాట్లు, అయిదో వంతు తీస్తే సగం రోగి. మూడున్నర ఎక్కడ, అర ఎక్కడ! ఇళ్ల గోడలకు మందు కొట్టే పద్ధతి వెనక ఉన్నది ఇదే. రక్తం తాగిన దోమ వెళ్లి గోడ మీద వాలుతుంది. వాలిన ప్రతిసారీ చావు గండమే, అంటే రోజువారీ తరుగు శాతం పెరుగుతుంది.

పొగ బండి సంగతీ ఇక్కడే తేలుతుంది. బండి వచ్చిన సాయంత్రం గల్లీలో ఎగురుతున్న దోమలు చస్తాయి, నిజమే. పిల్లలు వెంట పరిగెత్తుతారు, జనం తృప్తిగా ఉంటారు, లీడర్ల ఫొటోలు కూడా వస్తాయి. కానీ అది పది రోజుల లెక్కలో ఒక్క రోజు తరుగు. నీళ్లలో ఉన్న పురుగులకు ఆ పొగ తగలనే తగలదు, వారంలో కొత్త దోమలు రెడీ. జ్వరాలు ఒక్కసారిగా ఎగబాకినప్పుడు పొగ అవసరం ఉండొచ్చు, కాదనను. అదే వైద్యం అనుకుంటే లెక్క తప్పుతుంది.

గీత కిందికి వచ్చాక ఎంతకాలం పడుతుంది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు, దెబ్బ తినేది మాత్రం ఇక్కడే. ఒక రోగి నుంచి దోమకు, దోమ నుంచి ఇంకో మనిషికి వెళ్లి అతనికి జ్వరం రావడానికి నెల పైమాటే. దాన్ని ఒక రౌండు అనుకుందాం. 0.875 చొప్పున అయితే పది రౌండ్ల తర్వాత 1000 మందిలో 263 మంది ఇంకా ఉంటారు. ఒక్కరి దాకా రావాలంటే 50 రౌండ్లు, అంటే నాలుగేళ్ల పైన. అదే అర చొప్పున అయితే పది రౌండ్లలోనే 1000 కాస్తా ఒకటి. గీతకు కాస్త కింద ఉండి ఓపిక లేకపోయినా, తగ్గింది కదా అని మధ్యలో చేతులు దులుపుకున్నా, అంకె మళ్లీ ఒకటి దాటుతుంది, చక్రవడ్డీ మళ్లీ మొదలు.

మన దేశం దీన్ని పెద్ద ఎత్తున చూసింది. స్వాతంత్య్రం వచ్చేనాటికి ఏడాదికి ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల మరణాలు అని అంచనా. 1953లో కంట్రోల్ ప్రోగ్రాం, 1958లో నిర్మూలన ప్రోగ్రాం మొదలయ్యాయి. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. గెలిచేశాం అన్న ధీమా వచ్చింది. దోమలు డీడీటీకి అలవాటు పడ్డాయి, మందు సరఫరా తగ్గింది, ఊరూరా జ్వరాల లెక్క తీసే పని సడలింది. 1976లో 64 లక్షలకు పైగా కేసులు. శ్రీలంకలో అయితే 1963లో దేశం మొత్తం మీద 17 కేసులు, ఆ దశాబ్దం చివరికి మళ్లీ లక్షల్లోకి. వాళ్లు మళ్లీ మొదటి నుంచి పని చేసుకుని 2016లో మలేరియా లేని దేశంగా సర్టిఫికెట్ తెచ్చుకున్నారు.

ఇక రెండో మాట: పక్క గల్లీ దోమలు.

రాస్‌ను కూడా ఇదే అడిగారు. ఒక చోట శుభ్రం చేస్తే చుట్టుపక్కల దోమలు వచ్చి నింపేయవా అని. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన సభలో ఆయన దీనికి లెక్కతో జవాబిచ్చాడు. దోమ ఎగరగలిగే దూరం వేరు, అది పుట్టిన చోటు నుంచి నిజంగా చేరే దూరం వేరు అన్నది ఆయన పాయింటు.

రాష్ట్రపతి రోడ్డు మీద నిలబడి రూపాయి బిళ్ల ఎగరేస్తున్నారనుకోండి. బొమ్మ పడితే ప్యారడైజ్ వైపు ఒక అడుగు, బొరుసు పడితే స్టేషన్ వైపు ఒక అడుగు. వందసార్లు ఎగరేస్తే ఎంత దూరం చేరతారు? వంద అడుగులు నడిచారు, నిజమే, కానీ ముందుకూ వెనక్కూ తిరిగి దాదాపు మొదలుపెట్టిన చోటనే తచ్చాడుతుంటారు. మామూలుగా అటో ఇటో ఓ పది అడుగుల లోపే. పది ఎందుకు? వందకు వర్గమూలం కాబట్టి.

ఇది ఎలా వస్తుందో అయిదో క్లాసు లెక్కతో చూపించవచ్చు. ప్రస్తుతం మీరు మొదటి చోటుకు 3 అడుగుల దూరంలో ఉన్నారు. 3 వర్గం 9. తర్వాతి అడుగుతో 4 అయినా అవుతారు, 2 అయినా అవుతారు. వర్గాలు 16, 4. వాటి సగటు 10. అంటే 9కి ఒకటి కలిసింది. 3 బదులు 7 తీసుకోండి: 49 ఉంది, తర్వాత 64 లేదా 36, సగటు 50. మళ్లీ ఒకటే కలిసింది. ఎక్కడున్నా సరే, ప్రతి అడుగుకూ దూరపు వర్గం సగటున ఒకటి పెరుగుతుంది. వంద అడుగులకు వర్గం 100, దూరం 10. పదివేల అడుగులకు దూరం వందే.

దోమకు నాలుగు దిక్కులూ ఉన్నా ఇదే లెక్క నడుస్తుంది. ఒక్కో ఎగురుడు 20 మీటర్లు అనుకుంటే, వంద ఎగురుళ్లు తిన్నగా వేస్తే 2 కిలోమీటర్లు. తోచినట్టు తిరిగితే 200 మీటర్లు. గాలి వాటం ఉంటుంది, మనిషి వాసన పట్టుకుని వచ్చేవి ఉంటాయి, కాబట్టి నిజం దోమ అచ్చంగా బిళ్ల ఎగరేయదు. అయినా మొత్తం మీద దోమ పుట్టిన చోటుకు దగ్గర్లోనే తిరిగి చస్తుంది. మన పగటి దోమ, అదే డెంగీ దోమ, మామూలుగా కొన్ని వందల మీటర్లు కూడా దాటదు. మీ ఇంట్లో కుట్టిన డెంగీ దోమ చాలావరకు మీ ఇంటిదో, మీ పక్కింటిదో.

రాస్ ఈ లెక్కను కార్ల్ పియర్సన్ అనే పెద్ద గణిత పండితుడి ముందు పెట్టాడు. పియర్సన్ 1905లో నేచర్ పత్రికలో దీన్ని అందరికీ ప్రశ్నగా వేశాడు, 'ర్యాండమ్ వాక్' అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. తాగి తూలుతున్నవాడిని వెతకాలంటే మొదట నిలబడ్డ చోటు దగ్గరే వెతకండి అని ఆయన సరదాగా చెప్పిన సారాంశం. ధ్వని తరంగాల లెక్కల్లో దీన్ని ముందే సాధించానని లార్డ్ రేలీ జవాబు రాశాడు. సరిగ్గా అదే 1905లో ఐన్‌స్టీన్ నీళ్లలో సన్నటి రేణువులు ఎందుకు వణుకుతాయో ఇదే రకం లెక్కతో వివరించాడు. అణువులు నిజంగా ఉన్నాయని నమ్మనివాళ్లను కూడా నమ్మించిన పని అది. అణువు, దోమ, తాగుబోతు, ముగ్గురికీ ఒకే వర్గమూలం! షర్బత్ గ్లాసు అడుగున పంచదార వేసి కదపకుండా వదిలితే తీపి పైకి రావడానికి గంటలకు గంటలు పట్టేది ఇందుకే. రెట్టింపు దూరం పాకాలంటే నాలుగు రెట్ల టైమ్ కావాలి. అందుకే చెంచా కనిపెట్టారు.

ఇప్పుడు పక్క గల్లీ మాటకు వద్దాం. బయట నుంచి దోమలు వస్తాయి, కానీ అంచు దగ్గరే ఎక్కువ ఉంటాయి, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతాయి. కాబట్టి ఒక్క ఇల్లు శుభ్రం చేసుకున్నవాడికి నిజంగానే లాభం తక్కువ, ఎందుకంటే అతని ఇల్లంతా అంచే. మూడు వరసల్లో మూడేసి ఇళ్లు, మొత్తం తొమ్మిది ఇళ్లు కలిస్తే అంచున 8, లోపల ఒకటి. పది వరసల్లో పదేసి, వంద ఇళ్లు కలిస్తే అంచున 36, లోపల 64. నాలుగు వందల ఇళ్లు కలిస్తే అంచున 76 మాత్రమే. "పక్క గల్లీ వాళ్లు చేయట్లేదు కదా" అనే మాట ఒక్క ఇంటి విషయంలో సరే. నాలుగు వందల ఇళ్ల బస్తీ విషయంలో అది సాకు.

ఈ లెక్కను రాస్ అక్కడితో వదల్లేదు. 1916, 1917లలో హిల్డా హడ్సన్ అనే గణిత పండితురాలితో కలిసి, జబ్బులే కాదు, జనంలో పాకే ఏ సంఘటనకైనా సరిపోయేలా సమీకరణాలు రాశాడు. మెక్‌కెండ్రిక్ అనే డాక్టరు రాస్‌తో కలిసి ఆఫ్రికాలో పనిచేసి, మన దేశంలో కూడా ఉద్యోగం చేశాడు. ఆయన, ప్రమాదంలో చూపు పోయిన కెర్మాక్ అనే రసాయన శాస్త్రవేత్త కలిసి 1927లో అంటురోగాల మోడల్ ఇచ్చారు. కరోనా సమయంలో ప్రభుత్వాల టేబుళ్ల మీద ఉన్న అంచనాల్లో చాలావాటికి తాత అదే.

డెంగీకి ఈ అంకెలు కొన్ని మారతాయి. ఆ దోమ పగలు కుడుతుంది, కాబట్టి రాత్రి దోమతెర పెద్దగా పనికిరాదు. పగలు నిద్రపోయే పసిపిల్లలకు, జ్వరంతో పడుకున్న మనిషికి పగటిపూట కట్టాలి. జ్వరం మనిషికి తెర కట్టేది అతని కోసం కాదు, అతన్ని కుట్టి వెళ్లే దోమ కోసం. రెండు కాట్లలో మొదటిది అక్కడే ఆగుతుంది. దోమ ఒంట్లో వైరస్ తయారవడానికి ఇక్కడా ఇంచుమించు పది రోజులే, కాబట్టి తరుగు లెక్క అలాగే ఉంటుంది. మురికి నాలా కంటే మన కూలర్, సంపు, డ్రమ్ము, డాబా మీది టైరు, పూలకుండీ కింది పళ్లెం, కొబ్బరి చిప్ప దానికి ఇష్టం.

శుక్రవారం డ్రై డే అని మన దగ్గర చెప్పడం, 2020లో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని పిలుపివ్వడం, ఈ వారం అనే గడువు ఎవరో సరదాకి పెట్టింది కాదు. మన ఎండలకు గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు. శుక్రవారం నుంచి శుక్రవారానికి ఏడు రోజులు కాబట్టి, జుమాకు వెళ్లే ముందో వచ్చాకో ఒక రౌండు వేస్తే నీళ్లలో ఉన్నవి రెక్కలు రాకముందే నేల పాలవుతాయి. ఒక్క వారం మానేస్తే మధ్య గ్యాపు పద్నాలుగు రోజులవుతుంది, ఒక బ్యాచ్ హాయిగా ఎగిరిపోతుంది. ఇంకోటి, ఆ దోమ గుడ్లు నీళ్లలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన డ్రమ్ము గోడకు అంటించి పెడుతుంది. ఎండినా నెలల తరబడి అవి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి నీళ్లు ఒలకబోసి డ్రమ్ము బోర్లించడంతో సగం పనే అవుతుంది, లోపలి గోడల్ని పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.